మన ఇల్లు మనమే కట్టుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా? భీమవరంలో మా పిన్ని వాళ్ల ఇంటి లెక్క

ఈ ఎపిసోడ్ భీమవరం నుంచే చేస్తున్నాను. నా వెనకాల కనిపిస్తున్న లేత నీలం గోడ మా పిన్ని వాళ్ల ఇల్లు. ఆ గోడకి కింద మూరెడు ఎత్తు వరకు రంగు ఊడిపోయి తెల్లగా పొడి రాలుతోంది, చూశారా? "అన్నయ్యా, వీడియో ముందు ఓ కోటింగ్ వేసేద్దాం" అన్నాడు మా తమ్ముడు. వద్దన్నాను. ఎందుకంటే ఆ మచ్చకి కారణం నేనే. ఎలాగో మధ్యలో చెప్తాను.

చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "కాంట్రాక్టర్‌కి ఇవ్వకుండా ఇంట్లోవాళ్లమే దగ్గరుండి కట్టుకుంటే ఎంత మిగులుతుంది?" అని. నేను సివిల్ కాదు, బీటెక్ కంప్యూటర్స్. కానీ 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లో ఉన్నప్పుడు మా పిన్ని, బాబాయ్ ఇల్లు మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు నేను పక్కనే ఉన్నా. పొద్దున్న స్టాండప్ కాల్, కాల్ అయ్యాక ఇటుకల లెక్క. కాబట్టి యూట్యూబ్‌లో చూసి చెప్పే మాటలు కాదు, ఒళ్లు అలిసి నేర్చుకున్నవి.

ముందు ఓ ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్దాం. మా తాతది తాటాకు ఇల్లు. మధ్యలో నిట్రాడ, దాని మీద నుంచి వాసాలు, వెదురు బద్దలు, పైన తాటాకు కప్పు. కట్టు కట్టడానికి తాటినార. అప్పట్లో "సొంతంగా ఇల్లు కట్టుకోవడం" అనే మాటే ఎవరూ వాడేవాళ్లు కాదు. ఎందుకంటే ఇల్లంటే సొంతంగా కట్టుకునేదే! ఆకు కొట్టి, ఎండబెట్టి, బరువు పెట్టి చదును చేసుకుంటే, కప్పు వేసే రోజు వీధిలో నలుగురు మగాళ్లు వచ్చేవారు. మధ్యాహ్నం భోజనం మనది. రేపు వాళ్ల ఇంటికి మనం వెళ్తాం. రెండు మూడేళ్లకోసారి మళ్లీ నేత.

1996 నవంబరు 6 రాత్రి గోదావరి డెల్టాని తుఫాను కొట్టింది. నేను అప్పటికి నెలల పిల్లాణ్ణి. ఎక్కువ దెబ్బ కోనసీమకి. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు తోటలుగా పడిపోయాయి. మా వైపు మా తాత వాళ్ల కప్పు ఒక పక్క లేచిపోయిందట. వారం తిరక్కుండా మళ్లీ వేసేశాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, తాటాకు ఇంట్లో తప్పు దాక్కోదు. కప్పు కారితే ఆ రోజే కారుతుంది, తలెత్తి చూస్తే తెలుస్తుంది, నిచ్చెన వేసుకుని మనమే సరిచేసుకోవచ్చు. అలాగని ఆ ఇళ్లు బాగుండేవని నేను అనను. నిప్పుకి భయం, గాలికి భయం. మా నాయనమ్మని అడిగితే ఒక్క రోజు కూడా మళ్లీ అందులో ఉండనంటుంది.

స్లాబ్ ఇల్లు దీనికి పూర్తిగా రివర్స్. ప్రతి పని ముందు పనిని కప్పేస్తుంది. పునాదిని మట్టి కప్పేస్తుంది, రాడ్డుని కాంక్రీట్ కప్పేస్తుంది, కాంక్రీట్‌ని ప్లాస్టరింగ్ కప్పేస్తుంది, దాన్ని పెయింట్. తప్పు బయటపడేది ఏడాదికో, ఐదేళ్లకో. అప్పుడు సరిచేయాలంటే పగలగొట్టాలి. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పబోయే ప్రతిదీ ఈ ఒక్క తేడా నుంచే వస్తుంది.

సరే, పిన్ని వాళ్ల ఇంటికి వద్దాం. బాబాయ్ ట్రాక్టర్ డ్రైవర్, ఎక్కువగా చేపల చెరువుల పనే. పిన్ని రొయ్యల షెడ్డులో రోజు కూలీ. 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం "పేదలందరికీ ఇళ్లు" కింద స్థలాల పట్టాలు పంచడం మొదలుపెట్టింది కదా, అందులో వీళ్లకీ స్థలం వచ్చింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 గజాలు. సెంటున్నర అంటే 72.6 గజాలు, అంటే సుమారు 653 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. ఒక్కో ఇంటికి సాయం 1 లక్షా 80 వేలు.

ఆ పథకంలో మూడు ఆప్షన్లు ఉండేవి. ప్రభుత్వమే సామాన్లు ఇస్తే మనం కట్టుకోవడం ఒకటి. మనమే సామాన్లు కొని కట్టుకుంటే దశలవారీగా డబ్బు ఖాతాలో పడటం ఒకటి. మూడోది, మొత్తం ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం. దీని వెనకాల కేంద్రం పథకం కూడా ఉంది, ప్రధానమంత్రి ఆవాస్ యోజన. 2015లో వచ్చిన అర్బన్ పథకంలో ఒక భాగం పేరే "బెనిఫిషియరీ లెడ్ కన్‌స్ట్రక్షన్", ముద్దుగా బీఎల్‌సీ. అంటే లబ్ధిదారే ముందుండి కట్టుకోవాలి. కాబట్టి "మా ఇల్లు మేమే కట్టుకున్నాం" అన్నది ఎవరో సరదా ఉన్నవాళ్ల హాబీ కాదండి. మన రాష్ట్రంలో లక్షల కుటుంబాలు చేసిన పని అది.

ఒక చిన్న భాగహారం చేద్దాం. 1,80,000ని 340తో భాగిస్తే చదరపు అడుగుకి సుమారు 530 రూపాయలు. భీమవరంలో ఏ కాంట్రాక్టర్‌కైనా ఆ రేటు చెప్పండి, టీ ఇచ్చి పంపించేస్తాడు. మిగతాది కుటుంబం తేవాలి. డ్వాక్రా లోను, చీటీ, బ్యాంకులో బంగారం.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. సాయం డబ్బు పని అయ్యాక వస్తుంది, ముందు కాదు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో 5 లక్షలని ఎలా విడగొట్టారో చూడండి. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతికవేలు, స్లాబ్ పడితే లక్షా 75 వేలు, మొత్తం పూర్తయితే మిగతా లక్ష. మన దగ్గరా పద్ధతి ఇలాంటిదే. దశ పూర్తయ్యాక ఫోటో తీసి, లొకేషన్‌తో అప్‌లోడ్ చేస్తేనే తర్వాతి విడత. అంటే మొదటి బేస్‌మెంట్ సొంత డబ్బుతో లేవాలి. ఇల్లు కట్టేవాడికి మేస్త్రీ బుర్రతో పాటు బ్యాంకు మేనేజర్ బుర్ర కూడా కావాలి. విడత కోసం తొందర పడితే ఏమవుతుందో, అదిగో వెనకాల గోడ.

ఇప్పుడు ఆ గోడ కథ. మాది నల్లమట్టి. డెల్టా మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత బీటలు ఇస్తుంది. దీని మీద మామూలు పునాది వేస్తే ఏడాదికి రెండుసార్లు ఇల్లు ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది. అందుకే రూర్కీలో ఉన్న సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1950ల్లోనే నల్లరేగడి నేలల కోసం అండర్ రీమ్డ్ పైల్స్ అభివృద్ధి చేశారు. ఒక సన్నటి గుంత లోతుగా తవ్వి, అడుగున దాన్ని ఉల్లిపాయలా వెడల్పు చేసి, రాడ్డు దింపి కాంక్రీట్ పోస్తారు. సీజన్ని బట్టి తడి మారే పైపొరని దాటి, కింద కదలని మట్టిలో కాలు పెట్టినట్టు. అన్ని చోట్లా ఇదే కుదరదు. నీరు మరీ పైకి ఉంటే వేరే పద్ధతి, కొన్ని చోట్ల మట్టి తీసేసి ఇసుక నింపుతారు. ఏది అన్నది ఇంజనీరు చెప్పాలి. పిన్ని వాళ్లు పైల్స్ పని వచ్చిన బ్యాచ్‌తో వేయించారు, పైన ప్లింత్ బీమ్. అక్కడ మేం ఎవరం వేలు పెట్టలేదు. అందుకే ఈ రోజుకీ గోడల్లో ఒక్క పగులు లేదు.

తప్పు చేసింది ఆ తర్వాత. స్థలం పల్లం, పూర్వం వరిచేను. బీమ్‌ల మధ్య మెరక చేయాలి. గ్రావెల్ రేటు కనుక్కుంటే కళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే బాబాయ్ పనిచేసే చోట రొయ్యల చెరువు గట్టు సరిచేస్తున్నారు. మట్టి ఫ్రీ, ట్రాక్టర్ ఎలాగూ బాబాయ్‌దే. "డీజిల్ ఖర్చే కదా బాబాయ్, తోలించెయ్" అన్నది నేనే. మేస్త్రీ గారు వద్దనే అన్నారు. "ఆ మట్టి ఇంట్లో వేయకూడదండి" అన్నారు. ఎందుకో ఆయన వివరించలేదు, నేను అడగలేదు. విడత రావాలంటే బేస్‌మెంట్ ఫోటో కావాలి. రెండు రోజుల్లో పదహారు ట్రక్కులు పోసి, పైపైన నీళ్లు కొట్టి, ఫోటో తీసేశాం.

అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, మెరక అంటే మట్టి పోయడం కాదు. జానెడు మందం పొర పోయాలి, తడపాలి, దిమ్మిస కొట్టాలి, మళ్లీ పొర. మేం ఒకేసారి నింపేశాం, లోపల గాలి అలాగే ఉండిపోయింది. రెండోది, అది రొయ్యల చెరువు మట్టి. ఏళ్ల తరబడి ఉప్పునీరు తాగిన మట్టి. తడి పైకి పాకినప్పుడల్లా ఉప్పుని గోడలోకి మోసుకెళ్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి పెయింట్‌ని నెట్టేస్తుంది. అదే మీరు చూస్తున్న తెల్లపొడి.

గృహప్రవేశం అయిన పద్నాలుగో నెలలో ముందు గది ఫ్లోరింగ్ రెండంగుళాలు దిగింది. గోడలు దిగలేదు, అవి పైల్స్ మీద ఉన్నాయి. ఫ్లోర్ ఒక్కటే మట్టి మీద ఉంది కాబట్టి అది ఒక్కటే దిగింది. టైల్స్ లేపి, మట్టి తవ్వి బయట పోసి, గ్రావెల్, ఇసుక పొరలుగా నింపి, మళ్లీ ఫ్లోరింగ్. 38 వేలు. అప్పట్లో గ్రావెల్‌కి మిగుల్చుకున్న దానికి రెండింతలు పైనే. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. ఏదన్నా అంటే బాగుండేదనిపించింది.

ఇక నీళ్లు. మన ఏరియాలో బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పునీరే. కాంక్రీట్ కలిపే నీళ్లకి రూల్ ఉంది, ఐఎస్ 456 అనే కోడ్‌లో. రాడ్డు ఉన్న కాంక్రీట్‌కి లీటరు నీళ్లలో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు. రాడ్డు లేని కాంక్రీట్‌కి 2000 వరకు ఒప్పుకుంటారు. ఇంత తేడా ఎందుకంటే క్లోరైడ్ శత్రుత్వం రాడ్డుతోనే. లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీట్‌ని లోపలి నుంచి పగలగొడుతుంది. పాత ఇళ్లలో స్లాబ్ కింద పెచ్చులు ఊడి తుప్పు రాడ్లు వేలాడుతుంటాయే, అదే. ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలుస్తోందంటే, దాంతో స్లాబ్ మాట మర్చిపోండి.

మాకు బోరు పనికిరాలేదు. పంచాయతీ కుళాయి పొద్దున్న ఒక గంట వస్తుంది. డ్రమ్ములు నింపుకుని, వాటితోనే కలపడం, వాటితోనే క్యూరింగ్. ఇక్కడే కుటుంబం చేసే పని కాంట్రాక్టర్ మనుషుల కన్నా నిజంగా బాగుంటుంది. కాంక్రీట్ ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, నీళ్లతో సిమెంట్ జరిపే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. వారానికి దాదాపు మూడింట రెండు వంతుల బలం, 28 రోజులకి పూర్తి డిజైన్ బలం లెక్క. మధ్యలో ఎండనిస్తే అక్కడే ఆగిపోతుంది. కోడ్ ప్రకారం మామూలు ఓపీసీ సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10. ఇప్పుడు ఎక్కువ మంది వాడే పీపీసీ లాంటి సిమెంట్‌కి 14 రోజులు తడపడం మంచిది. కూలికొచ్చిన మనిషి పొద్దున ఒకసారి పైపుతో కొట్టి వెళ్లిపోతాడు. పిన్ని అలా కాదు. స్లాబ్ మీద చిన్న చిన్న గట్లు కట్టి మళ్లలా నీళ్లు నిలిపింది, పిల్లర్లకి గోనె సంచులు చుట్టింది. రోజుకి మూడుసార్లు, పద్నాలుగు రోజులు. నిచ్చెన మీద బిందెలతో.

కవర్ బ్లాకులు కూడా ఇంట్లోనే చేశాం. రాడ్డు సెంట్రింగ్ రేకుకి ఆనకుండా కింద పెట్టే చిన్న సిమెంట్ బిళ్లలు. చాలా సైట్లలో రాయి ముక్కో, ఇటుక ముక్కో పెట్టేస్తారు. మందం ఎంత ఉండాలో డ్రాయింగ్‌లో రాసి ఉంటుంది. మా తమ్ముడు ఫ్రిజ్‌లో ఐస్ ట్రే తీసుకెళ్లి దాంట్లో పోశాడు. ఆ ట్రే మళ్లీ ఫ్రిజ్‌లోకి రాలేదు, అది వేరే గొడవ.

స్లాబ్ రోజు నా డ్యూటీ మిల్లర్ దగ్గర బకెట్లు లెక్కపెట్టడం. ఎం20 కాంక్రీట్ అంటే ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. 50 కేజీల బస్తాకి నీళ్లు 30 లీటర్లు దాటకూడదు, అందులో తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా కలిపి. కానీ గట్టిగా ఉన్న మాల్ తట్టలో మోయడం కష్టం, కాబట్టి పనివాళ్లు ఇంకో బకెట్ పోసేస్తారు. వాళ్లని తప్పు పట్టలేం, మోసేది వాళ్లు. నేను మూడోసారి ఆపేసరికి మేస్త్రీ గారు నవ్వారు. "మీ కంప్యూటర్‌లో అయితే తప్పు రాస్తే చెరిపేసుకోవచ్చంట కదా బాబూ, ఇక్కడ అది లేదు. నిలబడండి, అక్కడే నిలబడండి" అన్నారు. సాయంత్రం ఆరు వరకు నిలబడ్డాను. ఆ రోజు లీవ్ పెట్టాను, మేనేజర్‌కి జ్వరం అని చెప్పాను. ఆయన ఈ వీడియో చూస్తుంటే సారీ సార్.

సెంట్రింగ్ ఎప్పుడు తీయాలన్నది కూడా కుటుంబమే గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. సెంట్రింగ్ వాళ్లకి ఆ రేకులు, సరుగుడు బాదులు వేరే సైట్‌కి కావాలి. స్లాబ్ స్పాన్ నాలుగున్నర మీటర్లలోపు ఉంటే సపోర్టులు కనీసం 7 రోజులు, దాటితే 14. బీమ్‌ల కిందైతే ఆరు మీటర్లలోపు 14, దాటితే 21. మూడో రోజు ఫోన్ చేసి "తీసేస్తామండి" అంటే మొహమాటపడకండి.

మరి వైరింగ్? మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రికల్ కాబట్టి వాడు చేశాడు. వాడు లేకపోతే ఎలక్ట్రీషియనే. ప్లాస్టరింగ్ నేను ఒక గోడ ట్రై చేశాను, మేస్త్రీ గారు మధ్యాహ్నం దాన్ని గీకేశారు. అంతే, దాని గురించి ఇంకేం చెప్పను.

ఇక డబ్బు. నేను షీట్ మెయింటైన్ చేశాను, సాఫ్ట్‌వేర్ వాళ్లకి అదొక జబ్బు. కాంట్రాక్టర్ ఇదే ఇంటికి చెప్పింది 6 లక్షల 50 వేలు. మా షీట్‌లో టోటల్ 5 లక్షల 20 వేలు. గృహప్రవేశం రోజు అందరి ముందు స్క్రీన్ చూపించి "లక్షా 30 వేలు మిగిలింది పిన్నీ" అన్నాను. పిన్ని వడ్డిస్తూనే అడిగింది. "నేను షెడ్డుకెళ్లని రోజులు ఏ గడిలో రాశావురా?" అని.

ఏ గడిలోనూ రాయలేదు.

తర్వాత కూర్చుని లెక్కేశాం. పిన్ని పని మానేసినవి 64 రోజులు, అప్పటి కూలి 350 చొప్పున 22,400. బాబాయ్ 40 రోజులు, 600 చొప్పున 24,000. కాంట్రాక్టర్ నాలుగు నెలల్లో ఇస్తానన్నది మాకు ఎనిమిది నెలలు పట్టింది, ఆ నాలుగు నెలల అద్దె 10,000. తర్వాత ఫ్లోర్ దిగినప్పుడు పెట్టిన 38,000. మొత్తం 94,400. లక్షా 30 వేల నుంచి తీసేస్తే మిగిలింది 35,600. అందులో కూడా నీళ్లు మోసి పిన్నికి వచ్చిన నడుం నొప్పికి కొన్న మందులు లేవు.

ఇది మా ఇంట్లోనే జరిగిన గొడవ కాదు, ప్రపంచంలో పెద్ద చర్చే నడిచింది. జాన్ టర్నర్ అని ఒక బ్రిటిష్ ఆర్కిటెక్ట్, 1957 నుంచి 1965 వరకు పెరూ దేశంలో పనిచేశాడు. అక్కడ పేదలు ఊరి బయట ఖాళీ నేలల్లో గది తర్వాత గది వేసుకుంటూ సొంతంగా ఇళ్లు కట్టుకోవడం చూశాడు. 1976లో "హౌసింగ్ బై పీపుల్" అని పుస్తకం రాశాడు. ఆయన వాదన ఏంటంటే, ఏం కట్టాలి, ఎప్పుడు కట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అనే నిర్ణయం ఉండేవాళ్ల చేతుల్లో ఉంటే, కొంచెం వంకరగా ఉన్నా ఆ ఇల్లు వాళ్లకి పనికొస్తుందని. ఆయన్ని విమర్శించినవాళ్లు ఏమన్నారంటే, పగలంతా కూలి చేసిన మనిషితో రాత్రి జీతం లేని ఇంకో పని చేయించి, దానికి స్వేచ్ఛ అని పేరు పెడుతున్నారని.

నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది, కానీ టర్నర్ మాటలో ఒక చిన్న విషయం జనం మర్చిపోతారు. ఆయన నొక్కి చెప్పింది నిర్ణయం గురించి. తట్ట మోయడం గురించి కాదు. పిన్ని వంటగది కిటికీ రోడ్డు వైపు పెట్టించింది, ప్లాన్‌లో వెనక్కి ఉండేది. తమ్ముడు స్కూల్ నుంచి వచ్చేది కనిపించాలని అప్పుడెప్పుడో అద్దింట్లో అనుకుందట. వాడిప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు, అయినా ఆ కిటికీలోంచే చూస్తుంది. కాంట్రాక్టర్ ఇంట్లో ఆ కిటికీ వచ్చేది కాదు. అలాగని బిందెలు ఆవిడే మోయాల్సిన అవసరం లేదు. 300 రూపాయల కరెంటు మోటారు అద్దెకి తెచ్చి డ్రమ్ములోంచి పైకి కొట్టుంటే అయిపోయేది. ఆ ఐడియా మాకు స్లాబ్ అయిన తొమ్మిదో రోజు వచ్చింది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెడుతుంటే నేను చెప్పేది ఇదీ. తర్వాత కప్పడిపోయే పనులన్నీ తెలిసినవాళ్లకే ఇవ్వండి. పునాది, రాడ్ బెండింగ్, స్లాబ్. వాళ్లు పనిచేస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన నిలబడి, కప్పేసే ముందు ప్రతిదీ ఫోన్‌లో ఫోటో తీయండి. ప్రభుత్వం అడిగే ఫోటో కోసం కాదు, మీ కోసం. గోడలో పైపు ఎక్కడుందో, రాడ్డు ఎక్కడుందో పదేళ్ల తర్వాత ఫ్యాన్ హుక్కు వేయాల్సి వచ్చినప్పుడు ఆ ఫోటోలే దిక్కు. సామాన్లు కొనడం, బస్తాలు లెక్కపెట్టడం, క్యూరింగ్, కవర్ బ్లాకులు, పెయింట్, ఇవి మీరు చేసుకోండి. షీట్ రాస్తే మొదటి రోజు నుంచే ఇంట్లో ప్రతి మనిషికీ ఒక గడి పెట్టండి, పని మానేసిన రోజులతో సహా. ఇక మేస్త్రీ "వద్దు" అంటే, ఎందుకు అని అడగండి. నేను అడగలేదు.

ఈ ఆదివారం మేం డాబా మీద పని పెట్టుకున్నాం. పైన ఇంకో గది వేయాలని పిన్నికి ఉంది, దానికి కింద పైల్స్ తట్టుకుంటాయా లేదా అని ముందు ఇంజనీరుకి డ్రాయింగ్ చూపిస్తున్నాం. ఆయన ఏం చెప్పినా, పిల్లర్ల నుంచి పైకి వదిలేసిన రాడ్లు ఉన్నాయి కదా, నాలుగేళ్లుగా ఈ ఉప్పుగాలికి ఎర్రగా అయిపోతున్నాయి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, సిమెంట్ పాలు పూసి, చుట్టూ పల్చటి కాంక్రీట్‌తో కప్పేయాలి. మీ ఇంటి మీద కూడా అలాంటి రాడ్లు ఉంటే వానలు పడేలోపు ఒకసారి పైకెక్కి చూసుకోండి. ఉంటానండి.